గుడ్ల దొంగ ఇల్లు

రాయచెర్లు ఊరికి పోయే ఆటోల్లో "గుడ్ల దొంగ ఇల్లు" అంటే ఓబక్క ఇంటి ముందర ఆపుతారు. ఆ పేరు కోడలు సవితది. పెట్టింది ఓబక్కే.

గొర్రెలు కాసిన మనిషి ఓబక్క. పొలం సోలార్ పలకలకు పోయినాక ఇప్పుడు ఆ పలకల సందుల్లో గడ్డి కోస్తుంది. పోయినేడు కోడిని పొదుగుకు కూర్చోబెట్టి, పిల్లలు దిగే రోజులు దగ్గరపడ్డాక ఒకరోజు పనికి వెళ్లింది. సవితకు నెలసరి, పంచలో ఉంది. ఆ రోజుల్లో పొదుగు గంప తాకితే గుడ్లు మురిగిపోతాయని ఆ ఇంటి పట్టింపు. సాయంత్రం వచ్చి చూస్తే గంపలో కోడి లేదు. గుడ్లు సవిత ఒళ్లో, కంబళి కింద ఉన్నాయి.

"గుడ్ల దొంగా! కోడిని గూడా తినేసినావా?" అని వీధంతా వినేట్టు అరిచి లాక్కుంది. రెండు కిందపడి పగిలాయి. లోపల పిల్లల తడి ఈకలు. మిగతావి దిబ్బలో పారేసింది. ఆ రోజుల్లో గంప తాకడం తప్పేనని సవిత నోరెత్తలేదు.

మర్నాడు సోలార్ కంచె కింద కోడి ఈకలు, అడవిపిల్లి అడుగులు కనబడ్డాయి. ఓబక్కకు అంతా అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

రాళ్లు చూడను ఆ ఊరికి వచ్చిపోయే నాకూ తెలియదు. మొన్న నిడుగల్లు కోట దిగివచ్చి ఆమె పంచలో సంగటి తింటూ, అలవాటుకొద్దీ ఎక్కడిదో కబురెత్తుకున్నాను. ఇక్కడి బండలు ఎముకలున్న ప్రాణులు పుట్టకముందటివి, వెతికినా ఏమీ దొరకదు. మంగోలియా ఇసుకలో మాత్రం నూరేళ్ల కింద గుడ్ల దగ్గర ఒక డైనోసార్ ఎముకలు దొరికాయి. పరాయి గుడ్లు తినడానికి వచ్చిందనుకుని పండితులు దానికి గుడ్ల దొంగ అనే పేరే పెట్టారు. డెబ్బై ఏళ్లకు అలాంటి గుడ్డులోనే దాని వంశపు పిల్ల బయటపడింది. ఇంకోచోట దాని చుట్టం ఒకటి, ముందుకాళ్లు చాపి గుడ్లను కప్పుకుని కూర్చున్నది కూర్చున్నట్టే రాయైపోయి ఉంది.

ఓబక్క చేతిలో చెంబు ఆగిపోయింది. "అయితే పేరు మార్చినారా అన్నా?"

"లేదు ఓబక్కా. మొదట పెట్టిందే ఉండాలని వాళ్ల రూలు."

"సచ్చిపోయిందానికి సరే. బతికుండేదానికి?"

అప్పుడు చెప్పింది ఇదంతా, నేలను చూస్తూ.

"సవితతో అన్నావా?"

"ఆ బిడ్డ మొగం ఎట్ల చూసేదన్నా?"

మర్నాడు పావగడ టౌను నుంచి ఓబక్క, సవిత, నేను ఒకే ఆటోలో వచ్చాం. డ్రైవర్ నందీష్ నవ్వుతూ కేకేశాడు: "గుడ్ల దొంగ ఇల్లు! దిగండప్పా!"

"దొంగ గాదు రా." ఓబక్క దిగకుండానే అంది. "కోడిని అడివిపిల్లి ఎత్తుకపోయింటే, ఆ గుడ్లను కాపాడింది ఇది. పిల్లల్ని సంపింది నేను."

"తమాషాకన్నాలే అవ్వా," అని నందీష్ గొణిగాడు.

సవిత ముందు దిగి, అత్త వైపు చూడకుండానే చెయ్యి చాపింది. "సంచి ఇయ్యి. దిగత్తా, అందరూ చూస్తాండారు."

ఓబక్క తల ఎత్తకుండానే సంచి అందించింది.