అవ్వ వేళ్ల కింద బాపు కన్ను

పొద్దున లేవగానే, ముఖమైనా కడుక్కోకముందే నన్ను కన్న మా అవ్వ సాలవ్వ చేసే పని ఒకటుండేది. ముందు తన కన్ను మూసుకొని, రెప్ప మీద రెండు వేళ్లు ఆనించి మెల్లగా నొక్కి చూసుకునేది. తర్వాత పక్క మంచంలో పడుకున్న తన పెనిమిటి, అంటే మా బాపు ఎడమకన్ను మీద అవే వేళ్లు పెట్టేది. రెండూ ఒకే తీరుగా మెత్తగా తగిలితే "మంచిగుంది, లే" అనేది. ఆ మాట వినపడితేగాని మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇరుగుపొరుగు చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, కన్ను వాళ్లది కాదు గదా!

మా బాపు రాజలింగు నాగిరెడ్డిపేట దగ్గర మా ఊరి చెరువుకు నీరడి. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూడడం ఆయన పని. ఆయన కుడికన్ను ఎర్రబడి నొప్పి పెట్టినప్పుడు ఊరంతా వైద్యులైపోయారు. ఒకరు ఆకు పసరు పోయమన్నారు, ఒకరు తేనె వేయమన్నారు. అన్నీ చేశారు. కన్ను పోయింది. కొన్నాళ్లకు ఎడమకంటికీ దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడసాగాయి. ఇక అవ్వ ఎవరి మాటా వినలేదు. ఎల్లారెడ్డి మీదుగా ఎడ్లబండిలో కామారెడ్డి టేషనుకు తీసుకుపోయి, రైలెక్కించి, సికింద్రాబాదులో పురుషోత్తం అనే కంటి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. అది 1933. అవ్వ అంతకుముందు రైలు మొహం చూసింది లేదు.

"ఇది నీటికాసుల జబ్బు. కంటి లోపల నీళ్లు ఊరుతుంటయి. అవి బయటికి పొయ్యే తొవ్వ మూసుకపోయింది. ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతది" అన్నాడు డాక్టరు.

"గంతేనా? అయితే తూము తియ్యాలె" అన్నాడు బాపు.

"అదే చేస్త" అని నవ్వాడు డాక్టరు.

ఆపరేషన్ అయింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలనీ డాక్టరు ముందే చెప్పాడు. ఒక సీసాలో చుక్కల మందు ఇచ్చి, బతికినన్నాళ్లూ పొద్దునా సాయంత్రం వేయాలన్నాడు. అవ్వ వేళ్లు పట్టుకొని రెప్ప మీద ఎంత మెల్లగా ఆనించాలో నేర్పించాడు. "ముందుగాల నీ కన్ను చూసుకో, ఎనక ఆయనది చూడు. ఆయనది గట్టిగ తగిల్తే ఆ దినమే బయలెల్లి రాండ్రి" అన్నాడు.

కొన్నేళ్లు సాఫీగా గడిచాయి. ఒక ఎండాకాలం చెరువు పూర్తిగా ఎండి నెర్రెలు బారింది. తూము మూసేసి బాపు ఖాళీగా కూర్చున్నాడు. మందు ఆయనే వేసుకుంటున్నాడని మేమంతా అనుకున్నాం. ఒక పొద్దున అవ్వ వేళ్లు ఆయన రెప్ప మీదే ఆగిపోయాయి. మళ్లీ తన కన్ను చూసుకుంది. మళ్లీ ఆయనది చూసింది.

"పచ్చి మామిడికాయ లెక్క గట్టిగున్నది. మందు ఏసుకుంటున్నవా?"

బాపు నేల చూపులు చూశాడు. "చెర్ల సుక్క నీళ్లు లేవు. కంట్ల యాడికెళ్లి వస్తయే? వానలు పడంగనే మల్ల ఏసుకుందమనుకున్న."

"నీ నీరడితనం చెర్ల చెయ్యి, కంట్ల కాదు!" అని అవ్వ అరిచిన అరుపు వాడంతా విన్నది. అరుస్తూనే బట్టలు మూటగట్టింది.

డాక్టరు కోప్పడలేదు. మందు వేసి, ఒత్తిడి దిగేదాకా దగ్గరుంచుకున్నాడు. "నీ లెక్క మంచిదే గని, ఇది చెరువు గాదు, ఊటబాయి. ఎండకాలం గూడ ఊరుతనే ఉంటది" అన్నాడు. పక్కచూపు కొంత పోయింది. ఎదుటి చూపు మాత్రం నిలిచింది. ఆ చూపుతోనే బాపు నా బిడ్డ ముఖం చూశాడు. ఇందుకు ఆ డాక్టరుకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అవ్వకు పెడదామంటే పెట్టనియ్యదు, "పోయి పని చూసుకో" అంటుంది.

పోయినేడు, 1942లో, నేను బిడ్డతో పుట్టింట్లో ఉన్నప్పుడు ఒక పొద్దున అవ్వ వేళ్లు మళ్లీ ఆగిపోయాయి. బాపు గాబరాగా లేచి కూర్చున్నాడు.

"ఏమైంది? గట్టిగైందా?"

"నీది మంచిగనే ఉంది."

"మరేంది?"

"నాదే గట్టిగున్నది" అంది అవ్వ, చాలా మెల్లగా.

బాపు ఇంకో మాట అడగకుండా పోయి బండి కట్టాడు. ఎప్పుడూ అవ్వ చెయ్యి పట్టుకొని రైలెక్కే మనిషి, ఆ రోజు అవ్వను తాను చెయ్యి పట్టి ఎక్కించాడు. నేనూ బిడ్డనెత్తుకొని వెంట పోయాను. డాక్టరు రెండు కళ్లూ చూసి, జబ్బు ఇప్పుడే మొదలైందనీ, చూపేమీ పోలేదనీ, ప్రస్తుతానికి చుక్కలతోనే అణుగుతుందనీ చెప్పాడు. "నొప్పి లేకుంట వచ్చింది. రోజూ చూసుకునే అలవాటు లేకపోతే నీకు తెలిసేదే గాదు సాలవ్వా" అన్నాడు. బాపు కన్ను కోసం పట్టిన అలవాటు ఆమె కన్నునూ కాపాడింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇంటికాడ ఇగ ఈమె కన్ను ఎవరు చూస్తరు?" అని అడిగాడు డాక్టరు.

బాపు మొద్దుబారిన తన వేళ్లు ముందుకు చాపాడు. "గిన్నేండ్లు నా కన్ను ఈమెనే కాసింది. ఇగ నేను కాస్త. ఎట్ల నొక్కాలెనో నాకు నేర్పియ్యిండ్రి."

డాక్టరు నేర్పించాడు. బాపు ఊపిరి బిగబట్టి, ముందు తన రెప్ప మీద, తర్వాత అవ్వ రెప్ప మీద వేళ్లు ఆనించాడు. అవ్వ కళ్లు మూసుకునే అడిగింది:

"మందు ఎండకాలం గూడ ఏస్తవా?"

"ఎండకాలం గూడ ఏస్త" అన్నాడు బాపు.