నా రిజిస్టరులో అందరూ గుడ్డివాళ్లే

ఆ రోజుల్లో సర్కారు నౌకరి దొరికిన కుర్రాడికి తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తెలియదని పైకి చెబితే ఆ నౌకరి కాస్తా ఊడుతుందన్న భయం లోపల ఉండేది, అది వేరే సంగతి. నేనూ ఆ బాపతువాణ్ణే. మధిర నుంచి రెండు బస్సులు మారి, చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న దవాఖానాలో రికార్డు గుమస్తాగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను (మూడోసారీ తప్పాననుకోండి, అప్పటికింకా ఫలితాలు రాలేదు). దవాఖానాలో మాత్రం డాక్టరు తర్వాత ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనేనని చెప్పుకొని తిరిగేవాణ్ణి.

నా పని జబ్బులకు నెంబర్లు వేయడం. ప్రతి జబ్బుకూ ప్రపంచమంతా ఒకటే నెంబరు ఉంటుందని, దాన్ని రిజిస్టరులో రాసి నెలనెలా ఖమ్మం పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కంటి జబ్బుల కోసం విడిగా ఒక సైక్లోస్టైల్ కాగితం ఇచ్చారు. 366 అంటే శుక్లం. 365 అంటే కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు. 367 అంటే అద్దాలు పెడితే సరిపోయే చూపు. 369 అంటే చూపు పోవడం. వీటిని ఎలా వేయాలో నేర్పడానికి ఖమ్మంలో ఒకరోజు శిక్షణ కూడా పెట్టారు. పొద్దున ఈ నెంబర్లు చెప్పారు. మధ్యాహ్నం ఏం చెప్పారో నాకు తెలియదు, నేను మ్యాట్నీకి వెళ్లాను.

పద్ధతి ఏమిటంటే, డాక్టరు చూసి చీటీ మీద జబ్బు పేరు రాస్తాడు, ఆ చీటీ చూసి నేను నెంబరు వేయాలి. డాక్టరు రాత మర్నాటికి ఆయనకే అర్థమయ్యేది కాదు. లోపలికి వెళ్లి "ఇదేంటి సార్" అని అడిగితే నా ఇంగ్లీషు పరువు ఏం కాను? అందుకని చీటీ పక్కన పడేసి, వచ్చిన మనిషినే అడగడం మొదలుపెట్టాను. మా వైపు జనం జబ్బు పేరు చెప్పరు, ఆగిపోయిన పని చెబుతారు. "బియ్యంల రాళ్లు కనబడ్తలేవు సారూ" అని ఒకామె. "ఇప్పపూలు ఏరబోతే ఎండాకులు చేతికొస్తున్నయ్" అని అడవిలోంచి వచ్చిన ఒక ముసలాయన. ఎవరేం చెప్పినా చివరికి తేలేది కనబడడం లేదనే కదా, అనుకొని అందరికీ 369 వేశాను. ఒక్క కొట్టివేత లేదు, గుండ్రని అంకెలు. ఖమ్మం మీటింగులో నా రిజిస్టరును పైకెత్తి చూపించి, రిజిస్టరంటే గిట్లుండాలె అన్నారట. ఆ మాట విని రెండు రోజులు నేలమీద నడవలేదు.

దవాఖానాకు ఎదురుగా ఒక దర్జీ ఉండేవాడు. అందరికీ చాచా. నౌకరిలో చేరిన కొత్తలో నా మొదటి ప్యాంటు కుట్టింది ఆయనే (ఒక కాలు కొంచెం పొట్టి, ఆయన కళ్ల సంగతి అప్పుడే గ్రహించాల్సింది). సూదిలో దారం చాచీ ఎక్కించి ఇస్తే తప్ప మిషను నడిచేది కాదు. రెండు కళ్లకూ శుక్లాలని, చలికాలం ఖమ్మం నుంచి ఆపరేషన్ల వ్యాను వస్తుందని, అందులో వెళితే చూపు వస్తుందని డాక్టరు ఆయనకు చెప్పాడు. చాచా ఆ చీటీ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "సూదిల దారం ఎక్కుతలేదు బేటా" అన్నాడు. నేను ఆ రోజూ చీటీ చూడలేదు.

వ్యాను వచ్చిన పొద్దున చాచా మిషనుకు గుడ్డ కప్పి, ఉతికిన షేర్వానీ వేసుకొని, దుప్పటీ, గ్లాసూ మూటకట్టుకొని అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయనతో కలిపి వరసలో పదిహేను మంది ఉన్నారు. వ్యానుతో వచ్చినాయన కాగితం తీసి ఒకే ఒక్క పేరు చదివాడు. అది సత్తుపల్లి వైపు నుంచి వచ్చి మా ఊళ్లో పొలాలు కొన్న ఒక పెద్ద రైతుది. ఆయన అంతకుముందోసారి నా బల్ల ముందు కూర్చొని, "నాకు శుక్లాలంట బాబూ, రాసుకో" అని తనే జబ్బు పేరు చెప్పి రాయించుకున్నాడు. మొత్తం రిజిస్టరులో నేను వేసిన 366 అదొక్కటే.

"నా పేరు సూడున్రి సాబ్" అన్నాడు చాచా.

"నీది మూడొందల అరవై తొమ్మిది పెద్దాయనా. చూపు పూర్తిగ పోయినోళ్లకు ఆపరేషన్ ఉండది. మాకు అరవై ఆరోళ్లనే తెమ్మన్నరు."

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. డాక్టరు ఆ రోజు భద్రాచలంలో మీటింగుకు వెళ్లాడు. సంతకం పెట్టి దిద్దడానికి ఆయన లేకపోయినా, తప్పు నాది, వీళ్లందరూ అరవై ఆరే అని ఒక్క మాట నేను అనొచ్చు. నోటిదాకా వచ్చింది. రిజిస్టరును మెచ్చుకున్న మీటింగు గుర్తొచ్చింది. "ఖమ్మపోళ్లు తప్పు కొట్టిండ్రు చాచా, నేను రాసి పంపుత" అన్నాను. అంత పెద్ద వ్యానులో రైతు ఒక్కడే, వెనక సీటు మీద కాళ్లు చాపుకొని పడుకొని వెళ్లాడు.

నెల తిరక్కుండా ఖమ్మం నుంచి ఒక కట్ట దిగింది. ఇంతమంది గుడ్డివాళ్లున్న ఊరు పాపం అని ఎవరో జాలిపడి తెల్ల చేతికర్రలు పంపారు. పంచిపెట్టే పని నాదే. చాచా తన కర్రను టేపుతో తడిమి కొలిచి, "రెండించులు ఎక్కువున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పటికీ ఆ నవ్వుకు సిగ్గుపడతాను.

ఎండాకాలంలో చాచా కుడికన్ను ఎర్రబడి, తలంతా పగిలేంత నొప్పి వచ్చింది. శుక్లం మరీ ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందని, ఆ కంటికిక చూపు రాదని డాక్టరు చెప్పాడు. వ్యానెక్కి వెళ్లి ఉంటే ఈ గతి పట్టేది కాదు కదా అని కూడా అన్నాడు, ఎవరినీ ఉద్దేశించి కాదు. మళ్లీ చలికాలానికి డాక్టరే స్వయంగా చీటీ రాసి పంపితే రెండో కంటికి ఆపరేషన్ అయింది. చాచా సోడాబుడ్డి అద్దాలతో మిషను మీద కూర్చున్నాడు. అప్పుడు వెళ్లాను.

"చాచా, ఆ నెంబరు తప్పు ఖమ్మపోళ్లది కాదు. నేనే రాసిన" అన్నాను.

ఆయన మిషను ఆపలేదు. "నాకెరుకే బేటా. రాత మీ దవాఖానదేనని వ్యాను సాబ్ ఆ దినమే చెప్పిండు. నీ మొఖం నాకు కనబడలే గని, గొంతు వినబడ్డది కద."

"మరి డాక్టరుతో ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీ నౌకరి పోతుండె. వ్యాను ఎట్లయినా పాయె." కాసేపు కుట్టాడు. "ఒక్కటి చెప్త. తెల్వకపోతే అడుగు. అడిగితే డాక్టర్ సాబ్ కొడ్తడా ఏంది?"

నేను ఏడ్చాను. ఆయన కత్తిరించి పడేసిన గుడ్డముక్క ఒకటి తీసి ఇచ్చాడు, తుడుచుకొమ్మని.

ఆ మర్నాటి నుంచి ప్రతి చీటీ పట్టుకొని లోపలికి వెళ్లేవాణ్ణి. "మీ రాత నాకు రాదు సార్" అని మొదటిసారి అన్నప్పుడు డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, తనూ అద్దాలు సవరించుకొని, ఆ చీటీని చాలాసేపు చదివాడు. పాత రిజిస్టరు కూడా ఆయన ముందు పెట్టాను. నౌకరి పోలేదు, రెండు నెలలు తిట్లు తిన్నాను. 369లలో పద్నాలుగు పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి 366 చేశాను. అంత కొట్టివేతల రిజిస్టరు మా జిల్లాలో మరొకటి ఉండి ఉండదు.

ఇప్పుడు నాకూ కళ్లు మసకేశాయి. మొన్న ఖమ్మంలో కంటి ఆసుపత్రికి వెళితే, కంప్యూటరు ముందున్న అమ్మాయి నా వివరాలు కొట్టింది. "ఏం నెంబరు వేసినవు బిడ్డా?" అన్నాను. "మీకెందుకు అంకుల్, కూసోండ్రి" అంది. ముసలాళ్లు విసిగిస్తారని ఆ పిల్ల అనుకొని ఉంటుంది, విసిగించాను కూడా. నాది సరిగానే వేసింది. నా వెనక కూర్చున్న ఒకావిడ కర్ర పట్టుకొని ఏదో గొణుగుతోంది, కనబడ్తలేదని. నా పిలుపు వచ్చినా నేను లేవలేదు. "ఆమెది లోపలికి పొయ్యి డాక్టరునడిగి వెయ్యి తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, చివరికి లేచి వెళ్లింది.