చూరు కింది బిడ్డ

మా పాత చర్చి ఇప్పుడు లేదు. పొడుగ్గా, ఇరుగ్గా, నిలబెట్టిన పెట్టెలా ఉండేది. గోడలు పల్చన, కిటికీలు మనిషి తల కూడా పట్టనంత. మూలల్లో ఒక రాయి నిలువుగా, ఒక రాయి అడ్డంగా పేర్చారు. తూర్పున బలిపీఠానికి చిన్న చదరపు గది. దాని గుమ్మంలోంచి మా లావుపాటి గురువుగారు పక్కకు తిరిగి దూరేవారు. కప్పు మీద చెక్క పెంకులు. వాన నీళ్ళు చూరు మీంచి జారి గోడ పక్కనే పడేవి.

ఆ చూరు కిందే, మట్టిలో, మా ఊరి ఆడమనిషి ఎల్ఫ్వెన్ కొడుకు ఉండేవాడు. ఊపిరి లేకుండానే పుట్టాడు, బాప్తిస్మం అందలేదు. అలాంటి పసివాళ్ళకు స్వర్గం లేదని గురువులు చెబుతారు. మా ఆడవాళ్ళు అది విని ఊరుకోలేదు. దేవుడి ఇంటి కప్పు మీంచి జారిన నీళ్ళు దీవించిన నీళ్ళే కదా అని, చూరు నీళ్ళు పడేచోటే పసివాళ్ళను పాతిపెట్టేవారు. తడిసి తడిసి ఏదో ఒకనాటికి బాప్తిస్మం పూర్తవుతుందని వాళ్ళ ఆశ. గురువుగారు చూసీ చూడనట్టు పోయేవారు.

ఆ బిడ్డ పుట్టినప్పుడు ఎల్ఫ్వెన్ మొగుడు ఓర్డ్రిక్ దొరవారి బండి తోలుకుని పొరుగూరు పోయాడు. తిరిగొచ్చాక, బిడ్డ ఏడ్చాడనీ, పోయేలోగా గురువుగారు వచ్చి బాప్తిస్మం ఇచ్చారనీ, అందుకే చర్చి గోడ పక్కన పాతారనీ అబద్ధం చెప్పింది. నిజం తెలిస్తే కుమిలిపోతాడని భయం. ఆ తర్వాత ఆమె కడుపు పండలేదు. వాన మొదలైతే చేతిలో పని వదిలి గుమ్మంలో నిలబడేది. వానపిచ్చి పట్టిందని అందరూ వెక్కిరించేవారు.

ఇంతలో సముద్రం దాటి వచ్చి మా దేశాన్ని గెలిచిన ఫ్రెంచి దొరలు మా ఊరి మీద పడ్డారు. మా చర్చి వాళ్ళ కంటికి గొడ్లపాకలా కనబడింది. లావు స్తంభాలతో, గుండ్రటి కమానులతో పెద్దది కడతామన్నారు. కూలగొట్టే పనికి ఓర్డ్రిక్‌తో సహా మావాళ్ళనే తోలారు. తాతల నాటి రాళ్ళు కొత్త గోడ కడుపులో కంకరగా పోయాయి. వాళ్ళ నోట్లో మన్ను పడ! కొత్త పునాది సరిగ్గా పాత చూరు వరసలోనే పడింది.

తవ్వకంలో బిడ్డ బయటపడితే తెచ్చి తన చేతికిమ్మని ఎల్ఫ్వెన్ మొగుణ్ణి బతిమాలింది. కొత్త చూరు కింద మళ్ళీ పడుకోబెట్టాలని ఆమె ఆలోచన. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

ఒక సాయంత్రం ఓర్డ్రిక్ సున్నం చేతులతో, వెలిగిపోతున్న ముఖంతో ఇంటికొచ్చాడు.

"మనవాడు దొరికాడే. గుడ్డకి నువ్వు గుచ్చిన ఎముక సూది ఇంకా అలాగే ఉంది."

"ఏడయ్యా?"

"మేస్త్రి అటు తిరగ్గానే గోడ మధ్యలో పెట్టేశా. బలిపీఠం పక్కనే. ఏ దొరబిడ్డకి దొరుకుతుందే ఆ చోటు?"

ఎల్ఫ్వెన్ గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం కేసి చూసింది. "మరి వానొస్తే?" అంది.

"పిచ్చిదానా, చుట్టూ సున్నం నేనే కూరాను. లోకం ముగిసేదాకా వాడిమీద ఒక్క చుక్క పడదు."

ఆమె అతనికి రొట్టె పెట్టింది. అబద్ధం చెప్పానని ఆ రాత్రీ చెప్పలేదు, బతికినన్నాళ్ళూ చెప్పలేదు.