తాంబూలం ఇచ్చి వదులుకున్న ఉద్యోగం

సింధు తప్పేమీ చేయలేదు. చేసింది వాళ్ల నాన్న జగన్నాధం. అదీ మర్యాద కొద్దీ చేశాడు.

గజపతినగరంలో రైలు దిగినప్పుడల్లా నేను కూలబడేది అతని కిరాణా కొట్టు ముందున్న బల్ల మీదే. పాతికేళ్ల పరిచయం. వాళ్లింట్లో ఒక పద్ధతుంది. ఒక షావుకారు దగ్గర సరుకు కొనడం మానేసి ఇంకొకరి దగ్గర మొదలుపెట్టాలంటే, ముందు పాత షావుకారు ఇంటికి పళ్లెంలో ఆకూ వక్కా, అరటిపళ్లూ పట్టుకెళ్లి, మానేస్తున్నామని చెప్పి రావాలి. చెప్పకుండా మానేసిన చుట్టాన్ని జగన్నాధం తండ్రి బతికుండగా గుమ్మం ఎక్కనివ్వలేదు.

సింధు ఆఫీసు విజయనగరం కోట జంక్షన్ దగ్గర, జెరాక్స్ షాపు మేడ మీద. యజమాని మోహనకృష్ణతో కలిపి ఏడుగురు. రైసు మిల్లులో లారీ కాటా ఎక్కగానే తూకం కంప్యూటర్లోకి వచ్చి చీటీ అచ్చయ్యే ప్రోగ్రాం వాళ్లది. అందులో సగానికి పైగా ఈ పిల్లే రాసింది. రాసి ఊరుకోలేదు. గరివిడి దగ్గర మిల్లులో తవుడు దుమ్ములో బల్ల కిందకి దూరి వైర్లు కూడా బిగించింది. మూడేళ్లు చేసింది. తప్పు రాస్తే ఇది తప్పని చెప్పే పెద్ద అక్కడ లేడు. కంపెనీ పేరు చెబితే చుట్టాలు "అదేటి?" అనేవారు. ఆ ఉక్రోషంతోనే హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీ పరీక్ష రాసింది. ఆఫరు లెటరు వచ్చింది. జూన్‌లో చేరమన్నారు.

మర్నాడే జగన్నాధం కూతురికి చెప్పకుండా పళ్లెంతో బస్సెక్కాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు మోహనకృష్ణ.

"మా అమ్మాయికి పెద్ద కంపెనీలో వచ్చినాది బాబూ. మీ ఉప్పు తిన్నాది, సెప్పకుండా ఎల్లకూడదు గదా. మనసులో ఏటీ ఎట్టుకోకండి."

చేరే తేదీ మళ్లీ ఖాయం చేసుకున్నాకే నోటీసు ఇద్దామని సింధు ఆలోచన. అందరి ముందూ ఇప్పుడు కాదంటే తండ్రి మాట పోతుంది. తన కుర్చీలోంచి లేచి తండ్రికి మంచినీళ్లు తెచ్చిచ్చింది. మోహనకృష్ణ తాంబూలం కళ్లకద్దుకుని, వారం తిరక్కుండా ఆమె కుర్చీలో ప్రమోద్ అనే అతణ్ని కూర్చోబెట్టాడు. ఏడుగురి కంపెనీలో కుర్చీ ఖాళీగా ఉంచితే నడవదు మరి.

జూన్ కాస్తా సెప్టెంబరు అయింది. సెప్టెంబరులో "తదుపరి సమాచారం వరకు వేచి ఉండండి, మీ సహనానికి కృతజ్ఞతలు" అని మెయిల్ వచ్చింది.

నవంబరు నెలాఖరున నేను వెళ్లేసరికి సింధు కొట్లో పెసరపప్పు పొట్లాలు కడుతోంది. ఓదార్చబోయి కళింగపట్నం రేవు సంగతి ఎత్తుకున్నాను. వెనకటికి పెద్ద ఓడలు దూరాన సముద్రంలోనే ఆగిపోతే, సరుకంతా చిన్న పడవలే మోసేవని.

"తాతగారూ, నాకు ఓడా రానేదు, పడవా ఎల్లిపోనాది. మీ కథలు తరవాత."

"సెప్పి రావడం తప్పేటి?" అన్నాడు జగన్నాధం, వందోసారి కాబోలు.

"సెప్పాల్సింది నేను నానా! ఉద్యోగం నాది. పంచదార బస్తాల బేరం కాదు."

అంతలో ఫోను మోగింది. గరివిడి మిల్లు గుమాస్తా పోతురాజు.

"సింధమ్మా, కాటా మీద లారీ ఉన్నాది. తూకం సీటీ రాట్లేదు. ఎనకాల పదకొండు లారీలున్నాయి."

"ప్రమోద్‌కి సెయ్యండి."

"సేస్తే, మిమ్మల్నే అడగమన్నాడమ్మా!"

ఆమె పొట్లం కింద పడేసింది. "కాటా పెట్టె ఎనకాల నీలం వైరు పీకి మళ్లీ ఎట్టండి. గట్టిగా నొక్కండి. వచ్చినాదా?" వచ్చింది. అప్పుడు ఏడ్చింది. "జీతం నేదు, కుర్చీ నేదు, పని మాత్రం నాదే!"

కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలోకి వస్తానని మోహనకృష్ణకు తనే ఫోను చేసింది. అతను విసుక్కోలేదు గానీ, ఊరికే రమ్మననూ లేదు. "రా అమ్మా. కానీ ధాన్యం సీజను మధ్యలో వాళ్లు పిలిస్తే నా గతేంటి? ఆ ఆఫరు వద్దని వాళ్లకి రాసేసి రా."

సింధు ఫోను పెట్టేసి మెయిల్ తెరిచింది. అలాంటిదే ఇంకో పెద్ద కంపెనీలో చేరిన శైలజ అనే స్నేహితురాలికి ఎనిమిది నెలలుగా పనే ఇవ్వలేదట. అయినా ఆ పేరూ, నేర్పే మనుషులూ మళ్లీ దొరుకుతారా? పెదవి కొరుక్కుంటూ ఆఫరు వద్దని రాసింది, పంపింది. నిమిషంలో తిరుగు మెయిల్: "ఈ చిరునామాకు జవాబులు రాయవద్దు." వాళ్ల వెబ్‌సైటులో వద్దనే బటను ఉంది, కానీ చేరే తేదీ ఇచ్చేదాకా అది పనిచేయదు.

జగన్నాధం అప్పటికే పళ్లెం తుడుస్తున్నాడు. "ఆళ్లకి నేను సెప్పొస్తానే. ఎవుర్ని కలవాల?"

"అక్కడెవరూ లేరు నానా."

అతను పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మనిషే లేని చోట మర్యాద ఎలా చేయాలో వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు.

సోమవారం సింధు తను పంపిందీ, తిరిగొచ్చిందీ రెండు మెయిళ్లూ అచ్చు తీసి మోహనకృష్ణ బల్ల మీద పెట్టిందట. అతను రెండుసార్లు చదివి, "అంటే వద్దన్నట్టా, కాదా?" అన్నాడట.

"నేను వద్దన్నాను సార్. వాళ్లే వినలేదు."

పాత కుర్చీలో ప్రమోద్ ఉన్నాడు. సింధుకి మెట్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆమె అందులో కూర్చుని ఫోను తీసింది. పోతురాజు అప్పటికే మూడుసార్లు చేసి ఉన్నాడు.