టీచరమ్మ చాలన్న రోజు

టీచరమ్మ దగ్గర చదువుకున్న అక్కలకు. నా దస్తూరీ బాగుండదు, అక్షరాల్లో తప్పులుంటాయి, మన్నించండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పోయిన మంగళవారం తెల్లవారుతుండగా టీచరమ్మ పోయారు. మీకు రాయడానికి వాళ్ళ తమ్ముడుగారికి చెయ్యి రావడం లేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఆమెది ముందు వాటా, మాది వెనక గది. మా ఆయన షూటింగుల్లో లైట్లు మోస్తాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆయన పనికి పోతే తలుపేసుకుని కూర్చునేదాన్ని. టీచరమ్మ తలుపు తట్టేవారు కాదు. వరండాలో చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనెలు తీయడానికి ఓ మనిషి కావాలని గాలితో చెప్పేవారు. ఆ ఈనెలు తీస్తూనే నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను.

ఒకరోజు 'కాల్ ఇట్ ఎ డే' నేర్పారు. ఇవాళ్టికి ఇక ఆపుదాం అని అర్థమట. ప్యాకప్పే కదా అన్నాను. మా గల్లీలో పొయ్యి ఆర్పినా ప్యాకప్ అనే అంటారు. ఆమె బాగా నవ్వారు.

"ప్యాకప్ డైరెక్టరు అంటాడు, మీ ఆయన సర్దుతాడు. ఇది అలా కాదమ్మాయ్. కలిసి పనిచేసి అలిసినవాళ్ళు తమలో తాము అనుకునే మాట. పని ఇంకా మిగిలే ఉంటుంది. అయినా చాలనుకుంటాం."

మధ్యలో వదిలేసినట్టు కాదా అని అడిగాను. చేతనైనంత చేశాక ఆగితే కాదన్నారు.

కడుపులో గడ్డకి ఆమెకు రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఆశ తక్కువేనని డాక్టరు చెప్పినా, మూడోది చేయిద్దామని తమ్ముడుగారు పట్టుబట్టారు. ఆమె వద్దంటే ఆయన ఏడ్చేసేవారు. ఆఖరికి టీచరమ్మ నన్ను తన ఆసుపత్రి మంచం దగ్గరికి పిలిచారు.

"నువ్వు చెప్పవే. నేను నోరు తెరిస్తే వాడు చిన్నపిల్లాడైపోతున్నాడు."

పరాయి మగవాళ్ళతో నేనెప్పుడూ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అన్నాను: "అన్నా, మీరు శాన జేసిన్రు. అమ్మ గూడ శాన ఓర్చుకున్నది. ఇగ చాలంటున్నది. మనం ఇంటికి తీస్కపోదం."

ఆయన కళ్ళు తుడుచుకుని, కారు పిలవమన్నారు.

ఇంట్లో ఉన్న ఆ కొద్ది రోజులూ ఆయన మంచం పక్కనే కూర్చుని బత్తాయిలు వొలిచేవారు. ఆమె మింగలేక, తొనలు పెదవులకి అద్దించుకునేవారు. పుల్లటివి చూసి మరీ తెచ్చావురా అని ఆయన్ని ఆటపట్టించేవారు. నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఆపరేషన్ చేయిస్తే దక్కేదేమోనని ఆయన ఒక్కసారి నాతో అన్నారు. 

చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి, ఆయన కంట పడితే ఆ బాధ మళ్ళీ రేగుతుంది. ఆమెను తీసుకెళ్ళేటప్పుడు ఆయన చేతిలో సగం వొలిచిన బత్తాయి ఉంది. గేటు దాటేటప్పుడు పాడె పట్టుకోవాలని ఎవరో గుర్తుచేస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు.