ఈరమ్మ వంతు కాని రోజు

ఈ మాట లోపల పెట్టుకుని ఏళ్లు గడిచాయి. మోసేకొద్దీ బరువు అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను కన్నడ సీమలో ఒక ఊరి మున్సిపాలిటీలో కూలివాణ్ణి. బస్టాండు రోడ్డు మీద తోపుడు బండ్లు ఎత్తి ట్రాక్టర్లో వేయడం మా పని. అయితే మాకూ బండ్లవాళ్లకూ మధ్య ఒక ఏర్పాటు ఉండేది. దాడికి బయలుదేరే ముందు నేను కబురు చేసేవాణ్ణి. అందరూ సందుల్లోకి తప్పుకునేవారు. పని జరిగిందని పైవాళ్లకు చూపించడానికి మా ఆఫీసరు సాహెబుకు ఫోటో కావాలి కాబట్టి ఒక్కరు మాత్రం బండితో నిలబడి పట్టుబడాలి. ఈసారి ఒకరు, వచ్చేసారి ఇంకొకరు. ఆ వంతును పాళి అనేవాళ్లం. ఫోటో అయ్యాక సాయంత్రానికి బండి తిరిగి ఇచ్చేసేవాళ్లం. ఎవరి పాళి ఎప్పుడో చెప్పేది నేనే. ఆ పెద్దరికం నాకు బాగానే ఉండేది, దాచడం ఎందుకు.

ఆ రోజు పాళి మా తమ్ముడిది. వాడూ అక్కడే అరటిపళ్లు అమ్మేవాడు. పొద్దున ఆఫీసులో కొత్త సాహెబు డ్రైవరుతో కన్నడలో చెబుతుంటే విన్నాను. ఈసారి బండి వాపసు ఇచ్చేది లేదట. జనం చూస్తుండగా రోడ్డు మీదే జేసీబీతో నలిపించాలట. అందరినీ తప్పుకోమంటే? ఖాళీ రోడ్డు చూసి ముందే ఎవడు చెప్పాడని అడుగుతారు, నా పని పోతుంది. తమ్ముణ్ణే నిలబెడితే? ఇంటికెళ్లి అమ్మ మొహం ఎలా చూడను?

ఈరమ్మ దగ్గరికి వెళ్లాను. బండ్రి అనే పల్లె నుంచి బస్సులో వచ్చి సీతాఫలాలు అమ్మేది. మొగుడు పోయాక, ఉన్న మేకలు అమ్మేసి ఆ బండి చేయించుకుంది.

"అక్కా, ఈ తూరి నువ్వు నిల్చుకో," అన్నాను.

"పోయిన తూరి నేనే నిల్చుకుంటి గదప్పా. మళ్లీ నా పాళి యాడిది?"

"తమ్మునికి జరమొచ్చిండాది. సాయంత్రం నేనే తోసుకోనొచ్చి ఇస్తా."

"నువ్వే చెప్తాంటే నాకేం దిగులప్పా," అంది.

వాడికి జ్వరం లేదు. ఆమె పళ్లన్నీ గోనెసంచిలోకి తీసుకుని, ఫోటోకు బాగా కనబడాలని బండిని తనే రోడ్డు మధ్యకు తోసింది.

ట్రాక్టర్ వెనకే జేసీబీ వచ్చింది. అది బండి మీదికి దిగేదాకా ఆమెకు అర్థం కాలేదు. నావైపు చూసింది, ఏదో పొరపాటు జరిగింది, నేను ఆపుతానని. నేను ట్రాక్టర్ చక్రం చూస్తూ నిలబడ్డాను.

ఆమెనే ఎందుకు ఎంచుకున్నాను? తొందరలో ఇంకెవరూ తోచలేదని, ఎదురుగా కనబడిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఇంకెవరైనా అయితే ఎందుకు, ఏమిటి అని నిలదీసేవారు. ఆమె నిలదీయదు. నా మీద ఆమెకున్న నమ్మకమే ఆ రోజు నాకు పనికొచ్చింది.

ఇప్పుడామె సిరుగుప్ప వైపు కాలువ కింద వరి నాట్లకు కూలికి పోతోంది. మొన్న బస్టాండులో ఎదురైంది. వంగి వంగి నడుము పట్టేసింది. నేను తల దించుకుంటే తనే పలకరించింది.

"నువ్వు మాత్రం ఏం జేస్తావప్పా. ఆ సాహెబు నిన్నూ మోసం జేసినాడు."

చెబుదామని నోరు తెరిచాను. ఆమె బస్సు ఇంకా రాలేదు, కావలసినంత సమయం ఉంది. "టీ తాగుతావా అక్కా," అని మాత్రం అడిగాను.

క్షమించమని అడగాలంటే ముందు నిజం చెప్పాలి. ఆ ధైర్యం నాకు లేదు, వస్తుందనీ అనుకోను. ఇక్కడ రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. సాహెబు నన్ను మోసం చేయలేదు. నాకు పొద్దున్నే తెలుసు.