మా ఇంటి కోర్ ద్రవ్యోల్బణం

కొత్త కాపురాన్ని ఒక్క పూటలో దివాలా తీయించడం ఎలాగో తెలుసుకోవాలనుందా? నన్నడగండి. ఏలూరులో, మేడమీది అద్దె వాటాలో, స్వయంగా తీయించినవాణ్ణి.

అప్పుడు నేను కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే కుర్ర లెక్చరర్ని. నోరు తెరిస్తే పాఠమే. నా ధాటికి పాలాయన మేడెక్కడం మానేసి, ప్యాకెట్లు మెట్ల కిందే పెట్టిపోయేవాడు.

ఓ ఆదివారం గణపవరం నుంచి మామగారు కొల్లేటి కొర్రమీను పట్టుకొచ్చారు. మా ఆవిడ సుజాత ఆయన ముందే అడిగింది.

"ఏవండీ, కూరగాయలు, గ్యాసు అన్నీ పెరిగిపోయాయండీ. ఇంటిఖర్చుకి కాస్త పెంచి ఇవ్వండి."

నేను గొంతు సవరించుకున్నాను. కొంప మునిగింది అక్కడే.

"తిండి, ఇంధనం ధరలు వానకీ ఎండకీ ఊగుతుంటాయి సుజాతా! అవి తీసేసి చూసేదే కోర్ ద్రవ్యోల్బణం. ధరల అసలు పోకడ అందులో తెలుస్తుంది. అది పెరుగుతుంటే కేంద్ర బ్యాంకు వడ్డీరేట్లు పెంచుతుంది. మనింట్లో కోర్ చల్లగా ఉంది. కాబట్టి పెంపు లేదు."

"వడ్డీ పెంచితే ఏమవుద్దండీ, అల్లుడుగారూ?" మామగారు మర్యాదకి అడిగారు.

"ఎక్కువ వడ్డీ కోసం బయటి దేశాల డబ్బు ఇక్కడికొస్తుంది మామయ్యగారూ. సాధారణంగా రూపాయి బలపడుతుంది. పెంచకపోతే డబ్బు వేరే చోటు చూసుకుంటుంది, రూపాయి పడుతుంది."

సుజాత శ్రద్ధగా విని వంటింట్లోకి వెళ్ళింది. చదువుకి ఎంత విలువిస్తుందో అని మురిసిపోయాను.

మధ్యాహ్నం మామగారి కంచంలో వేడి అన్నం, చేపల పులుసు. నా కంచంలో సబ్బు, దువ్వెన, ఉతికిన చొక్కా.

"ఇదేంటి?"

"తిండి, ఇంధనం తీసేస్తే మిగిలిందండీ. మొహమాటపడకుండా తినండి."

మామగారికి పొలమారింది. నేనూ నవ్వేస్తే పోయేది. "శాస్త్రం తెలియనివాళ్ళకి అన్నీ ఎగతాళే!" అన్నాను. సుజాత మొహంలో నవ్వు ఆరిపోయింది. సంచీ సర్దుకుంది.

"ఎక్కడికి?"

"వడ్డీ ఎక్కువున్న చోటికండీ. మా అమ్మ దగ్గరికి."

తండ్రితో గణపవరం బస్సెక్కేసింది. పులుసు గిన్నె కూడా ఆవిడతోనే తరలిపోయింది. ఆ రెండు గదులూ అంత బావురుమంటాయని నాకప్పటిదాకా తెలీదు. ఏడుపొచ్చింది. నిజమండీ.

మర్నాడు అత్తగారి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంటిఖర్చు పెంచాను సుజాతా! కేంద్ర బ్యాంకులాగే అత్యవసర సమావేశం పెట్టుకుని, ఏకగ్రీవంగా పెంచాను."

"సమావేశంలో ఎవరెవరున్నారండీ?"

"నేనొక్కణ్ణే."

తలుపు చాటున గాజులతోపాటు నవ్వూ గలగలలాడింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అయితే ఆ సమావేశం చెల్లదండీ. ఇకనుంచి రేట్లు నేను ప్రకటిస్తాను. మీరు పాటిస్తారు."

పాటిస్తూనే ఉన్నాను. రూపాయి సంగతేమో గానీ, మా ఇంట్లో నా మారకం విలువ మాత్రం నిలకడగా ఉంది. అన్నం వండే మనిషికి, తిండి లెక్కలోకి రాదని ఈ జన్మలో మళ్ళీ పాఠం చెప్పనని, పాఠకుల సాక్షిగా, మా ఆవిడ అనుమతితో, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.